ఉయ్యాల కొక్కెం చుట్టూ తెల్ల పలకలు

మొన్న మా కింది వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి, పాత గరుకు సీలింగు మీద పనివాణ్ణి పెట్టి పువ్వుల పలకలు అతికించుకుంటూ, రంగు ఎలా ఉందో చూసి చెప్పండి ఆంటీ అని పిలిచింది. ఎందుకు పిలిచానా అని ఆ పిల్ల, ఎందుకు నిచ్చెన ఎక్కానా అని ఆ పనివాడు అనుకునేదాకా వదల్లేదు నేను. రంగు సంగతి తరవాత, ఇంకా పలకలు పడని చోటల్లా సుత్తి పిడితో కొట్టి చప్పుడు వినిపిస్తేగానీ లేవనని కుర్చీలో బైఠాయించాను. అతను విసుక్కుంటూనే ఈ మూల నుంచి ఆ మూలదాకా కొట్టాడు, నేను చెవి ఒగ్గి విన్నాను, ఎక్కడా డొల్ల లేదు. అప్పుడు రంగు బాగుందమ్మా అని చెప్పి మెట్లెక్కి వచ్చేశాను. ముసలిదానికి చాదస్తం అనుకుని ఉంటారు, అనుకోనివ్వండి.

ఆ డొల్ల చప్పుడు నేనొకసారి విన్నాను, విని ఊరుకున్నాను. పాతికేళ్ళ పైమాట అది. అత్తగారు గదిలోకి వస్తే కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడిన తరం వాళ్ళకి, అంటే మీబోటి నా ఈడువాళ్ళకి, ఎందుకు ఊరుకున్నానో విడమరిచి చెప్పక్కర్లేదనే ధైర్యంతో ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

మా అత్తవారిది రెడ్డిగూడెం పక్కన చిన్న ఊరు, ఇంటికి మూడు వైపులా మామిడి తోటలే. మామగారు మంచి దశలో ఉండగా వేయించిన స్లాబు ఇల్లు. హాల్లో పైకప్పుకి సిమెంటు చిలకరించి, గింజలు గింజలుగా గరుకు తేలేట్టు డిజైను పెట్టించారట, ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పనిగట్టుకుని వచ్చి తలలెత్తి చూసి వెళ్ళేవారట. చూసి వెళ్ళేవాళ్ళకేం, బూజు దులిపేది నేను కదా! ఆ గరుకులో పట్టిన బూజు ఏ చీపురుకీ రాదు, పైగా చీపురుపుల్లలు విరిగి ఆ గింజల సందుల్లో ఇరుక్కుని వేలాడేవి. దాని మధ్యలో ఒక ఇనప కొక్కెం ఉండేది. ఫ్యానుకి వేరే కొక్కెం ఉంది, ఇది కేవలం ఉయ్యాల కోసం స్లాబు వేసేటప్పుడే ఊచలకి కట్టి దింపినది. మా ఆడపడుచు, ఆ తరవాత మా పిల్లలిద్దరూ ఆ కొక్కేనికే ఊగారు.

ఇక మా అత్తగారి సంగతి చెప్పాలంటే మాగాయతో మొదలుపెట్టాలి. తోటలున్న ఇళ్ళల్లో ఆవకాయ అందరూ పెడతారు, మాగాయకి మాత్రం మా ఇంటికే వచ్చేవారు. కాయల్లో పులుపెక్కిన నాటు కాయలు ఏరించి, చెక్కు తీసి, ముక్కలు ఉప్పులో ఊరేసి, మూడో నాడు ఊట పిండి, ముక్కలు చాపల మీదా, ఊట జాడీల్లోనూ డాబా మీద ఎండకి పెట్టేవారు. మిగతా డాబా అంతటా కొబ్బరి చెట్ల నీడ తిరుగుతుంది, పొద్దస్తమానం ఎండ నిలిచేది ఒక్క చోటే, అది సరిగ్గా హాలు నెత్తిన. ఆవిడ కాపురానికొచ్చిన ఇల్లు పడగొట్టి ఈ ఇల్లు కట్టిన ఏడాది నుంచీ ప్రతి వేసవీ ఆ జాడీలు అక్కడే. జాడీలు కడిగిన ఉప్పునీళ్ళు అక్కడే, తడి చాపలు అక్కడే. నేనొకసారి, అత్తయ్యా, ఊట కింద ఇంకుతోందేమో, పెరట్లో పెట్టుకుందామా అని నాన్చుతూ అడిగితే, నా మాగాయ మీద పడ్డావేంటే అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ రోషం ఎక్కువే లెండి, ఇంకెప్పుడూ అడగలేదు.

మా ఆడపడుచుని విస్సన్నపేటలో ఇచ్చాం. వాళ్ళు కొత్త మేడ కట్టుకున్నారు, హాలంతా నున్నటి తెల్ల సీలింగు. ఆమె సీమంతం మా ఇంట్లో జరిగినప్పుడు, వియ్యపురాలికి నా చేతులతో పాయసం గ్లాసు అందించానో లేదో, పై నుంచి చిటికెడు సున్నం రాలి అందులో పడింది. ఆవిడ ఒకసారి పైకి చూసి, గ్లాసు పక్కన పెట్టి, చీర దులుపుకున్నారు. తిట్టినా బాగుండేది! ఆ దులుపుడు నా ఒంటి మీద వాత పెట్టినట్టయింది. అందుకే ఆడపడుచుకి ఆడపిల్ల పుట్టిందని తెలిసిన రోజునే, బారసాలకి ఈ మహాతల్లి మళ్ళీ వచ్చేనాటికి ఆ గరుకు కనబడకుండా చేసి తీరతానని మా ఆయన దగ్గర పంతం పట్టాను. అప్పుడే థర్మోకోలు పలకలు కొత్తగా వచ్చాయి, పువ్వులు చెక్కినట్టు తెల్లగా, బంకతో అతికిస్తే చాలు. మా ఆయనకి కోతల రోజులు, తోటలో కాయ, రోడ్డు మీద లారీలు, మధ్యలో బేరగాళ్ళు. నీ ఇష్టం వచ్చినట్టు చేయించుకోవే, నన్ను మాత్రం అడక్కు అన్నారు.

నూజివీడు నుంచి మేస్త్రీ వచ్చాడు. నెమ్మదస్తుడు. అప్పటికి పిల్ల పుట్టి తొమ్మిది రోజులు, ఇరవై ఒకటో రోజున బారసాల. గరుకు మొనలు ఇనప బద్దతో గీకుతూ హాలు మధ్యకి వచ్చి, చెయ్యి ఆపి, తాపీ తిరగేసి పిడితో కొట్టి చూశాడు. అంతదాకా గట్టిగా పలికిన కప్పు అక్కడ వట్టి కుండలా పలికింది. ఇంకొంచెం జరిగి కొట్టాడు, మళ్ళీ అదే. కొక్కెం చుట్టూ మంచమంత మేర డొల్ల. గీకిన చోట గోధుమరంగు చార కారింది, వేలితో తుడిచి చూపించి, దిగి వచ్చి నాతో మెల్లగా అన్నాడు.

"బంక పలకని పట్టుకుంటదండీ, పలక గరుకుని పట్టుకుంటది. మరి గరుకుని పట్టుకునేదెవరండీ? ఊచలు తుప్పెక్కి ఉబ్బాయి, పెచ్చు లేచిపోయింది. పైన ఉప్పేమన్నా నిలవుంటదాండీ?"

అంతా కొట్టేసి, ఊచలు గీకి, కొత్తగా పూసి, తడిపి ఆరనిచ్చి, ఆ తరవాత పలకలు అతికించాలని, ఇరవై రోజులు పడుతుందని చెప్పాడు. నా దగ్గర పన్నెండు రోజులున్నాయి. అన్ని రోజులు హాలు తవ్వి పోసుకుంటే బారసాల ఎక్కడ చెయ్యడం? పైగా ఎందుకు తవ్వుతున్నావంటే అత్తగారికి ఏం చెప్పను? సరిగ్గా ఆ క్షణాన డాబా మీద ఆవిడ అడుగుల చప్పుడు, జాడీ మూత తీసిన చప్పుడు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి. అతికించెయ్యి మేస్త్రీ, బారసాల అయ్యాక తీరిగ్గా చూసుకుందాం అన్నాను. అతను కొక్కెం వంక చూశాడు. దానికి మాత్రం బరువు వెయ్యకండమ్మా, నేను చెప్పానని గుర్తుంచుకోండి అని రెండుసార్లు అన్నాడు. సరే సరేనని అతన్ని నిచ్చెన ఎక్కించాను. పలకని కొక్కెం చుట్టూ గుండ్రంగా కోసి, ఎంతో పొందికగా అతికించి వెళ్ళాడు. పైన పటారం లోన లొటారం అంటారే, దాన్ని దగ్గరుండి చేయించినదాన్ని నేనే.

హాలు మల్లెపువ్వులా అయింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, మా అత్తగారు కూడా తలెత్తి చూసి, బాగుందే, మీ మామగారు ఉంటే సంతోషించేవారు అన్నారు. ఉయ్యాల ఈసారి వరండాలో కడదాం, హాల్లో ఉక్కగా ఉంటుంది అని ఒకసారి, అంత పాత ఉయ్యాల ఎందుకు, లేతపిల్లకి జోలె బాగుంటుంది అని ఇంకోసారి, తలో దిక్కు నుంచి ప్రయత్నించాను. ఈ ఇంట్లో పిల్లలు ఆ కొక్కేనికే ఊగాలి, నీకేం తెలుసు అని అత్తగారు కొట్టిపారేశారు. మా ఆయనతో చెబుదామంటే ఆయన ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. నాకు నిజంగా ధైర్యం ఉంటే తోటలోకే వెళ్ళి చెప్పేదాన్ని, అది వేరే సంగతి.

బారసాల నాడు తెల్లారగట్ల అందరికంటే ముందు లేచి హాల్లోకి వెళ్ళాను. ముందురోజే ఉయ్యాల కట్టేశారు. దాని కింద గచ్చు మీద పిండి జల్లినట్టు సన్నటి పొడి. చీపురు తెచ్చి గబగబా ఊడ్చేశాను. తరవాత, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది, గొలుసు రెండు చేతులతో పట్టుకుని నా బరువంతా వేసి వేలాడాను. ఊడలేదు. తుప్పు రజను మాత్రం రాలి కంట్లో పడింది. కన్ను నలుపుకుంటూ, నన్నే మోసింది, నాలుగు కిలోల పిల్లని మొయ్యదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పదింటికల్లా హాలు నిండిపోయింది. విస్సన్నపేట వాళ్ళు రెండు కార్లలో దిగారు. వియ్యపురాలు వస్తూనే పైకి చూసి, భలే చేయించారమ్మాయ్ అని నా భుజం తట్టారు. ఆ తట్టు కోసమే కదా ఇంత తపన పడ్డాను, తీరా అది దక్కాక నేను కొక్కెం వంకే చూస్తూ నిలబడ్డాను. పంతులుగారి తంతు అయింది, బియ్యంలో పేరు రాశారు, మిగిలింది పిల్లని ఉయ్యాల్లో వెయ్యడం. మా అత్తవారింట ఒక ఆనవాయితీ ఉంది. పిల్లకంటే ముందు రుబ్బురోలు పొత్రానికి బొట్టు, కాటుక పెట్టి, జాకెట్టు గుడ్డ చుట్టి, అదే పెద్దపిల్ల అన్నట్టు ఉయ్యాల్లో పడుకోబెట్టి ఊపి, తరవాత దాన్ని తీసి అసలు పిల్లని వేస్తారు. రాయిలా గట్టిగా బతకాలని. మా పిల్లలప్పుడు, రాయికి కాటుకేంటండీ అని నవ్వి చీవాట్లు తిన్నదాన్ని నేనే.

ఆ రోజు ఎండకి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. వర్జ్యం ముంచుకొస్తోంది వదినగారూ, ఆ రాయి తతంగం వదిలేద్దాం అన్నారు వియ్యపురాలు. మగపెళ్ళివారి మాట, మా అత్తగారు కాదనలేక సరేనన్నారు. వియ్యపురాలు పిల్లని రెండు చేతుల్లోకి తీసుకుని ఉయ్యాల వైపు ఒక అడుగు వేశారు.

నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. "వీల్లేదు! పొత్రం వెయ్యందే పిల్లని వెయ్యడానికి వీల్లేదు" అని అరిచాను. మా అత్తగారు నా వంక వింతగా చూశారు. నిజం చెప్పే ధైర్యం లేనిదానికి ఆచారం దొరికింది, దాన్ని పట్టుకున్నాను. ఎవరి అనుమతీ అడక్కుండా వంటింటి వసారాలోకి పరిగెత్తి, మోయలేక మోస్తూ, పెద్ద రోలు పొత్రాన్నే తెచ్చి, బొట్టూ లేదు కాటుకా లేదు, అలాగే ఉయ్యాల్లో దించాను. గొలుసు కిర్రుమంది. ముత్తయిదువలు పాట అందుకున్నారు, నేను ఊపడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఏమీ కాలేదు. చాలమ్మా, తియ్యి అన్నారు వియ్యపురాలు. ఇంకొక్కసారండీ అన్నాను. అయిదు, ఆరు. "ఇదేం చోద్యం అమ్మాయ్, పిల్ల ఏడుస్తుంటే!" అని ఆవిడ కసురుకుని, పిల్లతో సహా నా పక్కకొచ్చి వంగారు.

పైన ఏదో చిట్లిన చప్పుడు. కొక్కెం పక్క పలక ఒక మూల ఊడి ఆకులా వేలాడింది. అప్పటికే ఆవిడ భుజం పట్టుకుని ఒక్క తోపు తోశాను, ఆవిడ పిల్లతో వెళ్ళి గోడకి పడ్డారు, మరుక్షణం కొక్కెం, గొలుసు, పెచ్చులు, పలకలు అన్నీ కలిసి ఉయ్యాల మీద పడ్డాయి. పొత్రం పడి గచ్చు రెండు బద్దలైంది. దుమ్ములో ఎవరికి ఎవరూ కనబడలేదు. అందులోంచి పిల్ల ఏడుపు వినబడింది. అంత తియ్యటి ఏడుపు నేను నా జన్మలో వినలేదు.

దుమ్ము అణిగాక అందరూ నా మీద పడ్డారు, తిట్టడానికి కాదు, పొగడడానికి. నీ నోట దేవుడే పలికించాడే తల్లీ అని ఒకరు, ఆచారం అంటే అదమ్మా అని ఒకరు. మా ఆడపడుచు నా కాళ్ళు చుట్టేసింది. ఇంతలో, లారీకి కాయ ఎక్కించి వస్తానని వెళ్ళిన మా ఆయన తోట నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, పైకప్పు చూసి, ఆ మేస్త్రీగాడు ఎక్కడున్నా పట్టుకురండిరా అని మనుషుల్ని పంపారు. అతను పక్క ఊళ్ళోనే ఏదో పనిలో ఉన్నాడు, గంటలో తీసుకొచ్చారు. అతను గుమ్మంలో నిలబడి ముందు పైకి చూశాడు, తరవాత పిల్ల ఎక్కడుందో చూశాడు, ఆఖరున నన్ను చూశాడు. ఒక్క మాట చెబితే నేను నిలువునా మునిగిపోతాను. అతను తలొంచుకుని, నేను సరిగా చూసుకోవాల్సిందండీ అన్నాడు. మా ఆయన చెయ్యెత్తారు.

అప్పుడు చెప్పాను. ఇతని తప్పు కాదు, ఇతను చెప్పాడు, బరువు వెయ్యద్దని కూడా చెప్పాడు, నేనే దాచి అతికించమన్నాను అని. చెప్పి ఊరుకుంటే ఎంత బాగుండేది! పసిపిల్లని కింద పడుకోబెడతారని తెలిసీనా అని వియ్యపురాలు అడిగేసరికి, అందరి కళ్ళూ నా మీద గుచ్చుకునేసరికి, నా పాపిష్టి నోరు ఇంకో మాట విసిరింది. "నేనొక్కదాన్నే చేశానా? ఇన్నేళ్ళుగా నెత్తి మీద ఉప్పునీళ్ళు పోసిందెవరు? మాగాయ జాడీలు అక్కడొద్దంటే విన్నారా?" అన్నాను, అత్తగారి మొహంలోకే చూస్తూ, వియ్యాలవారి ఎదుట, ఊరి ఎదుట.

ఆవిడ వంగి, కింద పడ్డ పెచ్చు ముక్క ఒకటి తీసి, దుమ్ము ఊది, నాలుక చివర తాకించి చూశారు. తరవాత డాబా మెట్లెక్కి, ఒక్కొక్క జాడీ చంకన పెట్టుకుని, తొమ్మిది సార్లు ఎక్కి దిగారు. సాయం పడదామని వెళితే చేత్తో వద్దన్నారు. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి.

ఆ తరవాత మేస్త్రీయే వచ్చి ఊచలు గీకి, కొత్తగా పూసి, ఇరవై రోజులు ఆరనిచ్చి మళ్ళీ పలకలు అతికించాడు, అవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వియ్యపురాలు ఏడాదిపాటు మా గడప తొక్కలేదు, తరవాత రాకపోకలు మామూలయ్యాయి. మా అత్తగారు నన్ను దెప్పలేదు, సాధించలేదు, ఎప్పటిలాగే వేళకింత వడ్డించి పిలిచేవారు. మాగాయ మాత్రం పెట్టలేదు. మరుసటి వేసవికి నేనే నాటు కాయలు ఏరించి, కళ్ళుప్పు తెప్పించి ఆవిడ ముందు పోస్తే, ఇంకెందుకులేవే, ఓపిక లేదు అన్నారు. ఆవకాయకి ఉన్న ఓపిక మాగాయకి ఎందుకు లేదో మా ఇద్దరికీ తెలుసు. పదకొండేళ్ళు బతికారు ఆ తరవాత, డాబా ఎక్కలేదు.

ఇప్పుడు మా ఊరి ఇళ్ళల్లో డాబాల మీద నీళ్ళ ట్యాంకులూ సెల్ టవర్లూ తప్ప జాడీలు లేవు, ఉయ్యాలలు స్టాండుతో సహా అద్దెకొస్తున్నాయి, స్లాబుకి కొక్కెం పెట్టమంటే ఇంజనీరు నవ్వుతాడు. మా ఆడపడుచు కూతురికి, అదే ఆనాటి పసిగుడ్డుకి, ఇప్పుడో పాప. మొన్న పచ్చళ్ళ షాపు సీసా మూత తీసి వాసన చూస్తూ, అమ్మమ్మ మాగాయ ఇలాగే ఉండేదా అత్తా అని అడిగింది. ఉప్పు ఎంతో, ఎండ ఎన్నాళ్ళో నేను నేర్చుకోనే లేదు. ఈ కాలం కోడళ్ళు అత్తగార్లతో ఉన్నమాట ఉన్నట్టు మొహం మీదే అనేస్తున్నారని నా ఈడువాళ్ళు బుగ్గలు నొక్కుకుంటుంటే నేను వాళ్ళతో కలవలేకపోతున్నాను. మేస్త్రీ తాపీ తిరగేసి కొట్టిన రోజున, ఆ ఉప్పునీళ్ళ మాట అంతమంది ముందు కాకుండా, వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పి ఉండాల్సింది. తిట్టేవారు, తప్పకుండా తిట్టేవారు, నా పుట్టింటివాళ్ళని కూడా కలిపి తిట్టేవారు. సాయంత్రానికి మాగాయ చాప ఆ కొస ఆవిడ, ఈ కొస నేను పట్టుకుని, మెల్లగా మెట్లు దిగి పెరట్లోకి తెచ్చుకునేవాళ్ళం.